కన్ను తెరవని తుపాను

డాలీగంజ్,
శ్రీ విజయపురం (పోర్ట్ బ్లెయిర్)

చిరంజీవి మనవరాలికి,

  నువ్వు వాట్సాప్‌లో పంపిన శాటిలైట్ ఫోటో చూశాను. ఫోన్‌లోనే చెబుదును గానీ, మధ్యలో లైను తెగడం, నువ్వు "ఆఁ, అర్థమైంది తాతయ్యా" అనేసి పెట్టెయ్యడం నాకు తెలియంది కాదు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

అండమాన్ సముద్రంలో ఉన్న ఆ అల్పపీడనానికి కేంద్రం ఎక్కడో గుర్తు పెట్టమని మీ మేష్టారు అడిగితే, బాగా తెల్లగా, గుండ్రంగా ఉన్న మేఘం నడిమధ్యన ఎర్ర ఇంటూ గుర్తు పెట్టి పంపావు. ఎవరి చెయ్యైనా ముందు అక్కడికే పోతుంది. నేనైతే ఆ గుర్తును డిగ్రీ, డిగ్రీన్నర తూర్పుకు జరిపి, సముద్రం ఖాళీగా కనబడుతున్న చోట పెడతాను. మేఘమే లేని చోట కేంద్రమేమిటని అంటావు. చెబుతాను.

నువ్వు విశాఖలో పుట్టి పెరిగావు. నీకు తుపాను అంటే హుద్‌హుద్. 2014 అక్టోబరు 12న అది మీ ఊరి మీదుగానే తీరం దాటింది. అప్పటికి దానికి కన్నుంది. మేఘాల చక్రం మధ్యలో నల్లటి చుక్క కనబడుతుంటే, కేంద్రం ఎక్కడో చెప్పడానికి ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదవక్కర్లేదు. కానీ అదే హుద్‌హుద్ అక్టోబరు 7న ఉత్తర అండమాన్ సముద్రంలో వాయుగుండంగా మొదలై, 8న ఉదయం లాంగ్ ఐలాండ్ దగ్గర మా దీవులను దాటింది. తుపానుగా లెక్కలోకి వచ్చింది కూడా ఆ రోజే. అంతకు ముందు ఏడాది ఫైలినూ అంతే. అక్టోబరు 8న ఇక్కడ వాయుగుండం, 12న గోపాల్‌పూర్ దగ్గర బీభత్సం. లెహర్, వర్దా, చెప్పుకుంటూ పోతే జాబితా పెద్దదే. మీ తీరానికి కన్ను తెరిచాక వస్తాయి, మా దగ్గర ఉన్నప్పుడు ఇంకా తెరవవు. అందుకే మీ పాఠాల్లోని అందమైన ఫోటోలతో మాకు పెద్దగా పని పడదు. మాకు వచ్చేవన్నీ నువ్వు పంపినటువంటి చెదిరిన మేఘాలే.

ఇంతకీ ఆ కేంద్రం కోసం ఎందుకింత తాపత్రయం అంటే, తక్కినవన్నీ దాన్ని పట్టుకునే నడుస్తాయి. వెర్నన్ డ్వొరాక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1970లలో ఒక పద్ధతి కట్టాడు, నువ్వు చదివే ఉంటావు. మేఘాల తీరు చూసి తుపాను బలాన్ని టి1 నుంచి టి8 దాకా అర అంకె చొప్పున లెక్కగట్టే పద్ధతి. ఇప్పటికీ ప్రపంచమంతా దాని మీదే నడుస్తోంది. అందులో మొట్టమొదటి మెట్టు కేంద్రం గుర్తించడం. ఆ తర్వాతే వంగిన మేఘాల పట్టీ కేంద్రం చుట్టూ ఎంత మేర తిరిగిందో కొలుస్తారు. దాదాపు సగం చుట్టు తిరిగితే టి2.5, అంటే మన లెక్కలో వాయుగుండం దశ దాటి తుపాను అయినట్టు. అంతకంటే తక్కువైతే వాయుగుండం, తీవ్ర వాయుగుండం. ఇప్పుడు ఆలోచించు. నువ్వు చుక్క పక్కకు పెడితే పట్టీ సగం చుట్టు తిరిగినట్టూ కనబడొచ్చు, పావు చుట్టే తిరిగినట్టూ కనబడొచ్చు. మేఘాలు అవే, నీ చుక్క ఒక్కటే మారింది. దాన్ని బట్టి రేవులో ఏ నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరెయ్యాలో మారిపోతుంది.

దారి లెక్క కూడా అంతే. మూడు గంటల తేడాతో పెట్టిన రెండు చుక్కల్లో ఒకటి 60 కిలోమీటర్లు తప్పితే, కదలని వాయుగుండం కూడా గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తినట్టు కాగితం మీద తేలుతుంది. బంగాళాఖాతంలో చాలావాటి అసలు నడక అంతకంటే తక్కువ. ఇక్కడ అర డిగ్రీ అంటే 55 కిలోమీటర్లు. పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్ అంత దూరం కూడా ఉండదు. 2016 డిసెంబరులో, తర్వాత వర్దా అయిన ఆ వాయుగుండం మా పక్కనే తచ్చాడినప్పుడు హేవ్‌లాక్‌లో, నీల్‌లో వందల మంది టూరిస్టులు పడవల్లేక చిక్కుకుపోయారు. పడవ వదలాలా, ఆపాలా అని జెట్టీలో నిలబడి అడిగేవాడికి నీ చుక్కతోనే పని.

ఈ దీవుల్లో కేంద్రం కోసం వెతుకులాట శాటిలైట్లతో మొదలవలేదు. 1844 నవంబరులో బ్రిటన్, రన్నీమీడ్ అనే రెండు ఓడలు సైనికులతో కలకత్తాకు పోతున్నాయి. ఒకటి సిడ్నీ నుంచి, ఇంకొకటి ఇంగ్లండ్ నుంచి. దేని దారి దానిది. అండమాన్ సముద్రంలో ఒకే తుపాను రెండింటినీ పట్టి, ఒకే రాత్రి, ఒకే దీవి ఒడ్డున, దగ్గర దగ్గరగా విసిరేసింది. హేవ్‌లాక్‌కు తూర్పున ఉన్న జాన్ లారెన్స్ దీవి అది. బ్రిటన్ అయితే మడ చెట్ల మధ్యకు పోయి కూర్చుంది. చిత్రమేమిటంటే రెండు ఓడల్లోనూ దాదాపు అందరూ బతికి బయటపడ్డారు. కలకత్తాలో హెన్రీ పిడ్డింగ్టన్ అనే ఆయన ఓడల లాగ్ పుస్తకాలు తెప్పించుకుని, ఎవరికి ఎప్పుడు ఏ దిక్కు గాలి వీచింది, బారోమీటరు ఎంత పడింది అని వరసగా పేర్చి, ఆ తుపాను ఎలా నడిచిందో రాశాడు. 1848లో నావికుల కోసం వేసిన పుస్తకంలో కొమ్ముతో చేసిన పారదర్శకమైన పలకలు పెట్టాడు. వాటి మీద గాలి చక్రం గీసి ఉంటుంది. కెప్టెన్ తన సముద్రపు మ్యాపు మీద పలకను పెట్టి, తనకు తగులుతున్న గాలి దిక్కు పలక మీది బాణంతో కలిసేదాకా జరుపుకుంటే, తుపాను నడిమధ్య ఎటువైపు ఉందో తెలిసేది.

నూట పాతికేళ్ళ తర్వాత డ్వొరాక్ చేసిందీ అదే సుమా. పారదర్శకమైన కాగితం మీద సర్పిలం గీసి శాటిలైట్ ఫోటో మీద పెట్టి, మేఘాల పట్టీ వంపు ఆ గీతతో కలిసేదాకా తిప్పమన్నాడు. నువ్వు ఇప్పుడు కంప్యూటర్లో మౌస్‌తో తిప్పుతున్నది ఆ కొమ్ము పలకకు మనవరాలే అనుకో. ఒక్క తేడా ఉంది. పిడ్డింగ్టన్ గాలిని పట్టుకుని కేంద్రాన్ని వెతికాడు. మనకు ఫోటోలు వచ్చాక మేఘాన్ని పట్టుకుని వెతకడం అలవాటైంది. కష్టమంతా అక్కడే వచ్చింది.

నీ ఫోటో సంగతికి వస్తాను. కిందనున్న గాలి అపసవ్యంగా తిరుగుతూ ఉంటుంది. దాని మీద ఉరుము మేఘాలు లేస్తాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఇక్కడ పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున తూర్పు గాలి బలంగా ఉంటే, ఆ మేఘాల తలలన్నీ పడమటికి కొట్టుకుపోతాయి. దేవుడి గూట్లో ఊదొత్తి వెలిగించి ఫ్యాను వేస్తే పొగంతా ఒక పక్కకే పోతుంది గదా, వత్తి మీద ఏమీ ఉండదు. నువ్వు పొగలో గుర్తు పెట్టావు. వత్తి తూర్పున, ఖాళీగా ఉన్న చోట ఉంది.

ఖాళీ అంటే పూర్తిగా ఖాళీ కాదు. విజిబుల్ ఫోటో తెరిచి పెద్దది చేసి చూడు. ఆ చోట సన్నటి కింది మేఘాల వరసలు కనబడతాయి. కిలోమీటరు, కిలోమీటరున్నర ఎత్తులో తిరిగేవి. ఒక్క ఫోటోలో గీతల్లా ఉంటాయి. ఇన్సాట్ అరగంటకు ఒకటి పంపిస్తుంది. ఆరేడు ఫోటోలు వరసగా పెట్టి ముందుకూ వెనక్కూ ఆడించు. పైన తెల్లటి మేఘం పడమటికి పోతుంటే, అడుగున చిన్న మేఘాలు వేరే నడక నడుస్తుంటాయి. దక్షిణం పక్కవి తూర్పుకు, ఉత్తరం పక్కవి పడమటికి. ఆ రెండు నడకల మధ్యన ఏ వరసా కదలని చోటు ఒకటి దొరుకుతుంది. దొరికిందనిపించగానే చుక్క పెట్టెయ్యకు. మొత్తం వ్యవస్థ కూడా కదులుతూ ఉంటుంది గనక ఆ నడకను తీసేసి చూడాలి, లేకపోతే చుక్క ఒక పక్కకు జారుతుంది.

ఇందుకు పొద్దున్నే వచ్చే ఫోటోలు బంగారం. ఎండ ఏటవాలుగా పడి ఎత్తు మేఘాల నీడలు కింది మేఘాల మీద పడతాయి, ఏది పైది, ఏది కిందిది అన్నది విడివడి కనబడుతుంది. మాకు సూర్యుడు మీకంటే అరగంట పైచిలుకు ముందే వస్తాడు. అక్టోబరులో ఐదుంబావుకల్లా తెల్లారుతుంది. విశాఖలో ఇంకా సూర్యుడు రాకముందే అండమాన్ సముద్రం మీది విజిబుల్ ఫోటోలు పనికొస్తాయన్నమాట. సాయంత్రం మాత్రం ఐదింటికే చీకటి పడి ఆ సుఖం పోతుంది.

రాత్రి పూట మిగిలేది ఇన్‌ఫ్రారెడ్. అది ఉష్ణోగ్రతల ఫోటో, చల్లనిదాన్ని తెల్లగా చూపిస్తుంది. పదిహేను కిలోమీటర్ల ఎత్తున మేఘం తల మైనస్ 70, 80 డిగ్రీలుంటుంది, తళతళలాడుతుంది. నీక్కావలసిన కింది మేఘాలు సముద్రం కన్నా కొద్దిగానే చల్లన, రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. పైగా సముద్రం మీద ఉరుము మేఘాలు బాగా ఉబ్బేది తెల్లవారుజామునే. రాత్రంతా ఆ ఉబ్బుకే గుర్తులు పెడుతూ పోతే, తెల్లారి మొదటి విజిబుల్ ఫోటోలో కేంద్రం వంద కిలోమీటర్ల అవతల తేలుతుంది. వాతావరణ కేంద్రాల్లో రాత్రి డ్యూటీ చేసిన వాళ్ళెవరినైనా అడుగు, ఒక నిట్టూర్పు విడిచి చెబుతారు. దీనికి కొంత విరుగుడు ఉంది. 3.9 మైక్రాన్ల చానెల్‌కూ 10.8 మైక్రాన్ల చానెల్‌కూ తేడా తీసి చూస్తే రాత్రి కూడా కింది నీటి మేఘాలు కొంత బయటపడతాయి. పైన దట్టమైన మంచు మేఘం కప్పి ఉంటే అదీ పని చెయ్యదు.

అప్పుడు మైక్రోవేవ్ ఫోటోల కోసం చూడాలి. అవి మంచు మేఘాల పైపొరను దాటి అడుగున వాన పట్టీలు ఎలా వంగాయో చూపిస్తాయి. 37 గిగాహెర్ట్జ్ ఫోటో కిందిదాన్ని, 85–91 గిగాహెర్ట్జ్ ఫోటో ఇంకా పైదాన్ని చూపిస్తుంది. రెండింటిలో కేంద్రం రెండు చోట్ల కనబడితే కంగారు పడకు, పసి వ్యవస్థ ఒరిగి నిలబడిందని అర్థం. ఉపరితలం కావాలి గనక 37 వైపు మొగ్గు. ఈ ఉపగ్రహాలు ధ్రువాల మీదుగా తిరిగేవి, ఒక్కొక్కటి రోజుకు రెండుసార్లే వస్తుంది. ఆ రెండుసార్లూ నీ వాయుగుండం దాని చూపు పడే పట్టీలో ఉండాలని లేదు.

స్కాటరోమీటర్ సంగతి నీకు ఇష్టమని తెలుసు. మన ఓషన్‌శాట్-3 2022 నవంబరు నుంచి పైనుంది, యూరప్ వాళ్ళ మెటాప్ ఉంది. సముద్రం మీది చిరు అలల గరుకుదనాన్ని బట్టి గాలి దిక్కు, వేగం బాణాలుగా గీసి ఇస్తాయి. పిడ్డింగ్టన్ చూస్తే మురిసిపోయేవాడు. అయితే మన ఓషన్‌శాట్‌ది కె.యు. బ్యాండ్, గట్టి వాన కింద దాని లెక్క తప్పుతుంది. మెటాప్‌ది సి బ్యాండ్ కాబట్టి వానను కొంత తట్టుకుంటుంది. బాణాలన్నీ ఒక చోట ముచ్చటగా గుండ్రంగా తిరిగాయంటే వెంటనే నమ్మకు. ముందు అక్కడ వాన ఉందేమో చూడు.

ఇంకొక మెలిక. ఇన్సాట్-3డిఆర్ 74 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద కూర్చుని మా దీవులను ఏటవాలుగా చూస్తుంది. దాని చూపులో 15 కిలోమీటర్ల ఎత్తున్న మేఘం తల అసలు చోటు కంటే ఏడు కిలోమీటర్లు అవతలికి, అంటే మాకు తూర్పు ఈశాన్యంగా జరిగి కనబడుతుంది. కింది మేఘాలకు ఈ బాధ దాదాపు లేదు. ఏడు కిలోమీటర్లు పెద్ద లెక్క కాదంటావు. పసి వాయుగుండానికి నిజంగానే కాదు. కన్ను తెరిచాక, అది మా దీవుల్లోని హట్ బే మీదుగా పోతుందా, పక్కనుంచి పోతుందా అని తేల్చాల్సినప్పుడు అవుతుంది. అంతకంటే ముందు చూడాల్సింది, ఫోటో మీద గీసిన తీరరేఖ అసలు దీవుల మీద కూర్చుందా లేదా. మేఘం లేని చోట తీరం ఆనవాలు ఏదైనా పట్టుకుని సరి చూసుకో. గీతే జరిగి ఉంటే తక్కిన శ్రమంతా బూడిదలో పన్నీరు.

ఇంత పైనుంచి చూశాక కిందకు దిగాలి. నన్ను వాతావరణ శాఖలో పరిశీలకుడిగా చేర్చుకున్న రోజుల్లో మాకు ఇన్ని ఫోటోలు లేవు, చార్టు మీద చేత్తో వేసిన గాలి బాణాలే. అందుకే నాకు వాటి మీద పక్షపాతం, ఒప్పుకుంటాను. కానీ ఈ దీవులు ఉత్తరం దక్షిణంగా 6 డిగ్రీల నుంచి 14 డిగ్రీల దాకా వరసగా పరుచుకుని ఉండడం మామూలు అదృష్టం కాదు. తూర్పున పుట్టి బంగాళాఖాతానికి పోయే ప్రతి వ్యవస్థా ఈ వరసను దాటి తీరాలి. దక్షిణాన హట్ బేలో గాలి పడమటి నుంచి వీస్తోంది, ఉత్తరాన మాయాబందర్‌లో తూర్పు నుంచి వీస్తోంది అనుకో. కేంద్రం ఆ రెండింటి అక్షాంశాల మధ్యనే ఉన్నట్టు. ఫోటోలో నీకు ఎక్కడ కనబడినా సరే. గాలికి వీపు పెట్టి నిలబడితే తక్కువ పీడనం ఎడమ చేతి వైపు ఉంటుందన్న బైస్ బాలట్ సూత్రం 1857 నాటిది. ఉపగ్రహాలు వచ్చినంత మాత్రాన దానికి పదవీ విరమణ లేదు.

మా డాలీగంజ్‌లోనే జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్ళ కేంద్రం ఉంది. ఆ సంస్థే నడి బంగాళాఖాతంలో లంగరు వేసిన బోయాలు నడుపుతుంది. గాలి, పీడనం, నీటి వేడి కొలిచి అవి ఉపగ్రహం ద్వారా పంపిస్తాయి. ఇక్కడి నుంచి విశాఖ సుమారు 1200 కిలోమీటర్లు. మీ కైలాసగిరి రాడార్ చూపు ఆ దూరంలో సగం కూడా రాదు. ఆ నడి సముద్రంలో ఒక్క బోయాలో పీడనం పడిపోవడం చూశావంటే, నీ ఫోటోలోని ముద్దల్లో దేన్ని నమ్మాలో తేలిపోతుంది.

ఒక్కోసారి తేలదు. పుట్టే దశలో రెండు మూడు చిన్న సుడులు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. ఒకటి ఆరిపోతుంది, వంద కిలోమీటర్ల అవతల కొత్త మేఘాల కింద ఇంకొకటి కుదురుకుంటుంది. కేంద్రం గెంతినట్టు కనబడుతుంది గానీ అది గెంతలేదు, పాతది పోయి కొత్తది వచ్చింది. అలాంటప్పుడు చుక్క కాదు, సున్నా చుట్టు. "ఈ వంద కిలోమీటర్ల లోపల ఎక్కడో" అని రాయి. అమెరికన్లు తమ స్థాన నిర్ణయానికి నమ్మకపు అంకె వేస్తారు. స్పష్టమైన కన్నుంటే 1 లేదా 2, కేంద్రం సరిగా తేలకపోతే 5 లేదా 6. అలా రాసినందుకు అక్కడ ఎవరూ చిన్నబుచ్చుకోరు. మన పిల్లలకు పరీక్షల అలవాటు వల్ల ఒకే జవాబు రాయాలని తొందర. మీ మేష్టారు మార్కులు తగ్గిస్తే తగ్గించనీ.

మోడళ్ళు చెప్పిన చోటు ముందు చూసి తర్వాత ఫోటో తెరిచే అలవాటు మాత్రం మానుకో. ఒకసారి అది చూశాక నీ కళ్ళు అక్కడే సుడి వెతుకుతాయి, వెతికితే ఏదో ఒకటి కనబడుతుంది కూడా. 2022 మార్చిలో చూడు, అండమాన్ సముద్రంలో వాయుగుండం పడిందో లేదో టీవీల వాళ్ళు "అసని తుపాను" అని పేరు పెట్టి ఊరేగించారు. అది తీవ్ర వాయుగుండం దగ్గరే ఆగి, మా దీవుల వెంట ఉత్తరంగా పోయి మయన్మార్‌లో కలిసింది. వాడని ఆ పేరు మే నెలలో వచ్చినదానికి దక్కింది. మన సున్నాపల్లి తీరానికి బంగారు రంగు రథం కొట్టుకొచ్చిందని మీ నాన్న నాకు ఫోన్ చేసి హడావిడి చేసింది ఆ తుపానుకే.

లెహర్ గురించి కూడా చదువు. 2013 నవంబరు 25న పోర్ట్ బ్లెయిర్‌కు దగ్గర్లోనే దాటి, అతి తీవ్ర తుపానై, పొడి చల్లగాలి చొరబడి, పై గాలులు కోసెయ్యడంతో 28న మచిలీపట్నం దగ్గరకు వాయుగుండంగా చేరింది. ఎదిగేటప్పుడు ఒకలా, చితికిపోయేటప్పుడు ఒకలా కేంద్రం ఎలా బయటపడుతుందో ఆ నాలుగు రోజుల ఫోటోలు దొరికితే వరసగా పెట్టి చూసుకో. ముందు విజిబుల్‌లో నీ చుక్కలు నువ్వు పెట్టుకుని, ఆ తర్వాతే వాతావరణ శాఖ వాళ్ళ ట్రాక్ తెరువు.

నీ ఫోటో మీద నా గుర్తు పెట్టి మీ నాన్న ఫోన్‌కు పంపిస్తున్నాను, నీది నిండిపోయిందంటోంది. ఈసారి పంపేటప్పుడు ఒక్క ఫోటో కాదు, వరసగా ఆరు పంపు. ప్రతి దాని మీదా టైము కనబడాలి, యూటీసీయా మన టైమా అన్నది కూడా రాయి. నువ్వు 0300 అని రాస్తే తెల్లవారుజాము మూడనుకుని ఇన్‌ఫ్రారెడ్ కోసం వెతికాను. తీరా చూస్తే అది ఉదయం ఎనిమిదిన్నర.

ఇట్లు,
తాతయ్య